బోనాల మర్నాడు అమ్మిన సోడాలు

మా చిన్నబాపు ఏ పనీ చివరిదాకా చేయగా నేను చూడలేదు. చేయబోయే పని గురించి మాట్లాడటంలో మాత్రం ఆయనకు సాటి చొప్పదండి చుట్టుపక్కల ఎవరూ లేరు. బాపుకు, అంటే మా నాన్నకు, ఒక్కగానొక్క తమ్ముడు. ఎండలో నిలబడితే తల తిరుగుతుందని, బురదలో దిగితే కాళ్లు చెడతాయని నీడపట్టున పెరిగిన మనిషి. ఒక ఎండాకాలం కరీంనగర్ పోయి, బస్టాండు దగ్గరి సోడా దుకాణంలో కొన్నాళ్లు కూర్చొని వచ్చాడు. అప్పటి నుంచి ఒకటే పాట, మన ఊళ్లో సోడా మిషను పెట్టాలని. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, దుకాణం బోర్డుకు ఏ రంగు వేయించాలో కూడా తేల్చుకున్నాడు.

మిషనుకు పెట్టుబడి ఎక్కడిదంటే, మా అమ్మ, మేము అవ్వ అని పిలిచేవాళ్లం, ఆమె మడి అమ్మితే వస్తుందట! బావినీళ్లు పారే ఆ బాయికింది మడి అవ్వకు తల్లిగారింటివాళ్లు పసుపు కుంకుమ కింద ఇచ్చింది. కాగితం మీద పేరు మాత్రం బాపుది. మాకున్న చెలక వాన పడితేనే పండేది. ఇంట్లో ఏడాది పొడుగునా ఉడికిన బియ్యం ఆ మడివే. సోడా కోసం అన్నం కుండ అమ్ముదామనే బుద్ధి నీడపట్టున పెరిగినవాడికే పుడుతుంది.

అవ్వ వద్దని కూడా అనలేదు. మిషను తర్వాత, ముందు కొన్ని సోడాలు తెచ్చి ఊళ్లో అమ్మి చూడమంది. అంతవరకు మడి మాట ఎత్తొద్దంది. చిన్నబాపు సరేనన్నాడు. సరేనని, ఊరంతటికీ పోచమ్మ బోనాలైన మర్నాడు బస్సు మీద రెండు గంపల గోలీసోడాలు దించాడు.

ఆ రోజుల్లో మా వైపు దాహానికి సోడా తాగే మనిషి లేడు. దాహమైతే నీళ్లు, ఆకలైతే అంబలి. సోడా అంటే అజీర్తి మందు. తిన్నది అరగనివాడు ముక్కు మూసుకొని తాగేది. బోనాల నాడు ఇంటింటా మేకో గొర్రో, యాట తెగింది, కల్లు కుండలు ఖాళీ అయ్యాయి. మర్నాడు ఊరు ఊరంతా కడుపు పట్టుకొని అరుగుల మీద పడి ఉంది. అందులోకి సోడా వస్తే ఆగుతుందా? పొద్దెక్కేసరికి రెండు గంపలూ ఖాళీ. చిన్నబాపు ఆ ఖాళీ గంపలు నెత్తిన పెట్టుకొని, బోనం ఎత్తినంత గొప్పగా ఇంటికి వచ్చాడు. బాపు గంగిరెద్దులా తల ఊపాడు. ఆయనకు తమ్ముడు ఏం చెప్పినా వేదమే.

అవ్వ వంటింట్లోంచి బయటికి వచ్చి ఒక్కటే మాట అన్నది.

"ఊరంత తిని పొర్లుతున్న దినం అమ్మితె ఏం తెలుస్తది మర్దీ. ఉత్త జొన్న గట్క తాగిన దినం అమ్మి సూడు."

ఇంతకంటే తెలివైన మాట ఆ ఇంట్లో నేను వినలేదు. కాని ఆడమనిషి చెప్పింది కదా, చిన్నబాపు మొహం మాడ్చుకొని, రెండు వారాల తర్వాత మళ్లీ సోడాలు తెచ్చాడు. సాయంత్రం దాకా చావడి దగ్గర కూర్చుంటే ఇద్దరు తాగారు. అందులో ఒకడు మా బాపే. గంప ఎత్తుకొని పక్కవాడకు పోతే ఒక ముసలమ్మ, తన ఇంట్లో అందరూ బాగానే ఉంటే గుమ్మం ముందుకు మందు తెస్తావా అని తిట్టి పంపింది. ఇంటికొచ్చి చిన్నబాపు చెప్పిన కారణం ఏమిటో తెలుసా? ఆ రోజు మబ్బు పట్టిందట, చల్లగా ఉంటే సోడా ఎవరు తాగుతారట. ఏడ్చినట్టే ఉంది! రెండు పరీక్షల్లో తనకు నచ్చినదాన్ని ఉంచుకొని, నచ్చనిదాన్ని మబ్బు మీదికి తోసేశాడు. బాపు దానికీ తల ఊపాడు.

మడి అమ్మారు. అవ్వను ఎవరూ అడగలేదు. ఆమె ఆ రోజంతా పొయ్యి ముట్టించలేదు.

మిషను వచ్చింది, ఎర్ర బోర్డు వచ్చింది. పెండ్లిళ్ల మర్నాడు, పండుగల మర్నాడు గిరాకీ ఉండేది. మిగతా రోజుల్లో దుకాణంలో ఈగలు కూడా వాలేవి కావు. ఇంట్లో బియ్యం అయిపోయాక అవ్వ కూలికి పోవడం మొదలుపెట్టింది. నేనూ వెంట పోయేదాన్ని. ఆ ఏటి వరికోతకు పిలుపు వచ్చింది, వేరే ఎక్కడికో కాదు, ఆ బాయికింది మడికే. అవ్వ కొడవలి తీసుకొని నడిచింది.

మధ్యాహ్నం చిన్నబాపు సోడాల గంపతో గట్టు మీదికి వచ్చాడు. కోతలవాళ్లకు అమ్ముదామని. ఒక్కరూ తల ఎత్తలేదు. కోత వరుసలో వదినెను చూసి కాస్త సిగ్గుపడ్డాడేమో, లేదో, నాకు తెలియదు. ఒక సీసా తీసి ముందుకు చాపాడు.

"తాగు వదినె, నీకు పైసలద్దు."

అవ్వ నడుము నిలబెట్టింది. ఆమె గొంతులో కోపం కూడా లేదు.

"అరిగెతందుకు కడుపుల ఏమన్న ఉండాలె గద మర్దీ."

మళ్లీ వంగి కోత మొదలుపెట్టింది. చిన్నబాపు గోలీ నొక్కి, ఆ సోడా తానే తాగాడు.