కిటికీ లేని అరుగు

ఈ ఉదయం పూజ ముగించి ఫోను చేతిలోకి తీసుకుంటే మా మండలి వెబ్‌సైటు గురించి ఒక ఈమెయిలు వచ్చి ఉంది. పుస్తకాలు, పూజాసామగ్రి అమ్మే ఆన్‌లైన్ దుకాణం వాళ్లు తమ అఫిలియేట్ పథకంలో ఉన్న సైట్లన్నిటినీ కొత్తగా పరిశీలిస్తారట, మేము మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాలట. కళ్లజోడు తీసి పక్కన పెట్టేశాను. నా ఈడువాళ్లకు ఈ అలసట వేరే చెప్పనక్కరలేదు.

మొదటిసారి దరఖాస్తు పెట్టినప్పుడు నేను చింతామణి ఊళ్లో డీటీపీ సెంటరు నడుపుతూ, పొద్దంతా పెళ్లిపత్రికలూ, తాలూకు కచేరీకి ఇచ్చే కన్నడ అర్జీలూ టైపు చేస్తూ ఉండేదాన్ని. బాగేపల్లిలో మా అమ్మ తండ్రి, అంటే మా తాత, నెలకొల్పిన భజన మండలిని ఆయన పోయాక మా మేనమామ నడిపేవాడు. తాత పురాణం చెప్పిన క్యాసెట్లు సగం బూజు పట్టిపోగా, మిగిలినవాటిని మామ కూతురు, నాకు వదిన, నేనూ కలిసి కంప్యూటరులోకి ఎక్కించి, మండలి సభ్యులు మాత్రమే వినేలా ఒక వెబ్‌సైటు పెట్టించాము. దిబ్బూరహళ్ళిలో పట్టుపురుగులకు ఆకు వేస్తూ వినేవాళ్లు, చిక్కబళ్ళాపురం బస్సులో వినేవాళ్లు, మంచం పట్టి మండలికి రాలేకపోయినవాళ్లు, అందరికీ అదే ఆధారమైంది. శ్రవణమే భక్తికి మొదటి మెట్టని చిన్నప్పటినుంచి విన్నవాళ్లం గనుక, ఆ సైటు మూతపడితే తాత గొంతు ఏ పెట్టెలోనో మిగిలినా వినే చెవులు లేకుండా పోతుందని మా భయం.

మూతపడే రోజు దగ్గరికే వచ్చింది. సైటుకు ఏటా అద్దె కట్టాలి. పురాణం వినడానికి ఎవరి దగ్గరా రూపాయి తీసుకోకూడదని మామ పట్టుదల. అందుకే ఈ అఫిలియేట్ దారి వెతికాము. మన పేజీలో ఆ దుకాణం గుర్తు ఉంటుంది, దాన్ని నొక్కి వెళ్లి ఎవరైనా భజన తాళాలో, తులసిమాలో కొంటే అందులో కొంత వాళ్లు మనకిస్తారు. వినేందుకు వెల కట్టడం కాదు గనుక మామ సరేనన్నాడు.

మొదటి దరఖాస్తు తిరిగొచ్చింది. సైటుకు తాళం ఉంది, లోపల ఏముందో మాకు కనబడలేదు అన్నారు. అందులో తప్పేమీ లేదని పరిశీలకుల కోసం కొత్త సభ్యుడి పేరూ, పాస్‌వర్డూ తయారు చేసి పంపాము. అదీ తిరిగొచ్చింది, ఈసారి, లోపలికి వెళ్లాము, ఏమీ లేదు, సైటు పూర్తయ్యాక రండి అన్నారు. తాత కథలన్నీ అందులో ఉంటే ఏమీ లేదంటారేమిటని నాకు దుఃఖం వచ్చింది. ఆ ఆదివారమే బాగేపల్లి బస్సెక్కాను.

ఇక్కడ మా మండలి ఆచారం ఒకటి చెప్పాలి. కొత్తగా వచ్చినవారు ఎవరైనా సరే, తర్వాతి ఏకాదశి వరకు బయట అరుగు మీదే కూర్చుని, ఆ రోజు ప్రసాదం తీసుకున్నాకే లోపలి హాల్లోకి రావాలి. మనిషి తెచ్చుకున్న తొందర అరుగు మీదే దిగిపోవాలని తాత పెట్టిన కట్టుబాటు అది. సైటు పెట్టించినప్పుడు మామ దాన్నీ వదలలేదు. కొత్త సభ్యుడు పేరు కొట్టి వెళితే ఒక దీపం బొమ్మ, కింద ఏకాదశి దాకా ఓపిక పట్టమనే మాట మాత్రమే కనబడేవి.

వదిన నా చేతిలో కాఫీ పెట్టి, ఆ ఈమెయిలు చదివించుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది.

"నాయనా, ఆ పరీక్ష చేసేవాళ్లు యాడ ఉండారో గాని, మనం వాళ్లను తీసుకపోయి అరుగు మీద కూర్చోబెట్టినాము."

"కూర్చోనీ. తాసిల్దారే కూర్చున్నాడు," అన్నాడు మామ.

"తాసిల్దారుకు ఏకాదశి ఎప్పుడో తెలుసు మామా. వీళ్లకేం తెలుసు?" అన్నాను నేను.

ఆచారం తీసేయమని అడగడానికి నాకు నోరు రాలేదు, తీయకపోతే తాత గొంతు దక్కదు. చివరికి మామే లేచి, హాలుకూ అరుగుకూ మధ్య ఉన్న కిటికీ రెక్క తోసి చూపించాడు.

"అమ్మా, అరుగు మీదోళ్లకు వినబడాలని మీ తాత దీన్ని తెరిచి పెడతాండె. ఊరికే దీపం చూస్తా కూర్చోమనలా. మనం అరుగు కట్టినాము గాని కిటికీ మరిచిపోయినాము."

తాత చెప్పిన మొదటి కథను తాళం బయట పెట్టాము, దారిన పోయేవాళ్లకు కూడా వినబడేలా. లోపలి ఏకాదశి కట్టుబాటు అలాగే ఉంది. మూడో దరఖాస్తుకు ఒప్పుకున్నారు.

మామ ఇప్పుడు లేడు. హాలు తిరగకట్టినప్పుడు బండ్లు నిలపడానికి చోటు చాలదని అరుగు తీసేశారు. సైటులో కిటికీ దగ్గర ఇప్పటికీ జనం కనబడతారు. కాస్త విని, దుకాణం గుర్తు నొక్కి వెళ్లిపోతారు. ఏకాదశి దాకా ఆగి లోపలికి వచ్చేవాళ్లు కరువైపోయారు. లోపలి కథ ఒకదాని నడుమ తాత ఆగి దగ్గి, మంచినీళ్లడిగే చోటు ఒకటుంది. అది లోపలివాళ్లకే తెలుసు, ఆ తెలిసినవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు.

దరఖాస్తు నింపి, పరిశీలకుడికి ఇచ్చే కొత్త సభ్యుడి పేరు వరకైనా ఏకాదశి నియమం తీసేద్దామా అని వదినకు ఫోను చేశాను. ఆవిడ అటువైపు పంచాంగం తిరగేస్తున్న చప్పుడు వినబడింది.

"ఎల్లుండే ఏకాదశి ఉండాది కదమ్మా. కిటికీ తెరిచే ఉండాది, రెండు దినాలు కూర్చోనీ."

నియమం తీయకుండానే పంపేశాను.