పిన్ని కట్టిన మూడు పట్టుచీరలు

మా గోదావరి గట్ల మీద షూటింగు చూడని మనిషి లేడు. రిఫ్లెక్టరు ఎటు పట్టాలో చెప్పగలవాళ్లు ప్రతి కాఫీ హోటల్లోనూ నలుగురుంటారు. అలాంటి ఆత్రేయపురంలో కొలంబియా నుంచి వచ్చిన డైరెక్టరు ఒక్కతే, భుజాన కెమెరా సంచీతో ఆర్టీసీ బస్సు దిగింది. ఆవిడకు నిర్మాత లేడు. కెమెరా, సౌండు, ఎడిటింగు అన్నీ ఆవిడే.

"యూనిట్ వెనకాల వస్తుందేంట్రా?" అని మా బాబాయి ఆ రోజంతా రోడ్డు వైపే చూశారు.

నేను రాజమండ్రిలో ఇంగ్లిషు పాఠాలు చెప్పుకునేవాణ్ణి. హైదరాబాదు మిత్రుడొకడు నన్ను ఆవిడకు దుబాసీగా అంటగట్టాడు. పూతరేకులు చేసే మనిషి మీద సినిమా తీయాలని ఆవిడ వచ్చింది. మా పిన్ని ముప్పై ఏళ్లుగా చేస్తున్న పని అదే. పిన్నికి మాత్రం తెర మీద తన మొహం చూసుకోవాలని కోరిక. వెనకటికోసారి షూటింగు గుంపులో నిలబడి, ఆ సినిమా మూడుసార్లు చూసి, తనెక్కడా కనపడక ఇంటికొచ్చి ఏడ్చింది.

మొదటిరోజు పిన్ని పెళ్లినాటి పట్టుచీర కట్టి, కాసులపేరు వేసుకుని పొయ్యి ముందు కూర్చుంది. రోజూ కట్టే చీరలో రమ్మనమని, నగలు వద్దని డైరెక్టరు నాతో మెల్లిగా చెప్పింది. నన్ను పెంచిన మనిషితో, పోయి పాతచీర కట్టుకు రమ్మని ఎలా అంటాను? మొహం మీద అలాంటి మాట అనడం మా జిల్లాలో ఎవరికీ రాదు.

"ఏమంటుందిరా ఆవిడ?" అంది పిన్ని.

"చాలా బావున్నావంటుంది పిన్నీ."

రెండోరోజు ఇంకో పట్టుచీరతో పాటు తోటికోడలి వడ్డాణం కూడా వచ్చింది. డైరెక్టరు మళ్లీ అదే చెప్పింది. నేనూ మళ్లీ అదే చెప్పాను. మర్యాద నిలబెట్టానని లోలోపల గర్వపడ్డాను కూడా.

మూడోరోజు చీర మారింది, మొహానికి పౌడరు చేరింది. డైరెక్టరు ఇక చీర సంగతి వదిలేసి, కెమెరాను బోర్లించిన కుండ దగ్గరికి జరిపి, పలచని పిండిలో గుడ్డ ముంచి కుండ మీద లాగే చేతులను, వాటి వెంట లేచే రేకును సాయంత్రం దాకా తీసింది. ఇలాంటి చేతులు తానెక్కడా చూడలేదని, ఆ సంగతి పిన్నికి చెప్పమని బస్సెక్కుతూ నాతో అంది. చెబితే మొహం తీయలేదన్న సంగతి బయటపడుతుందని ఆ మాటనూ మింగేశాను.

ఏడాదికి సీడీ వచ్చింది. పిన్ని బంధువులందరినీ పిలిచి, టీవీ ముందు కుర్చీలు వేయించింది. పావుగంట సినిమాలో చేతులు తప్ప ఏమీ లేవు. మొహం వస్తుందేమోనని పిన్ని ఆఖరి పేర్లు పడేదాకా కదల్లేదు.

అందరూ వెళ్లాక, "బావున్నానందన్నావు కదరా" అంది.

నాకు చచ్చేంత సిగ్గేసింది. "నీలాంటి చేతులు ఎక్కడా చూడలేదంది పిన్నీ" అన్నాను.

ఆవిడ మాటగా నేను పిన్నికి చెప్పినవాటిలో నిజం అదొక్కటే.

"ఇంక చాల్లేరా" అని పిన్ని లేచి కుర్చీలు మడవసాగింది.