కాదనేవాళ్ళున్నారా?

డెబ్బైలలో నేను బెజవాడలో అద్దె ఇంట్లో ఉంటూ ఒక ఆఫీసులో గుమాస్తాగా పనిచేసేవాణ్ణి. ఏ కాఫీ హోటల్లో కూర్చున్నా పక్క బల్ల దగ్గర ఎవరో ఒకరు పార్లమెంటును తిడుతూ ఉండేవారు. అక్కడికి వెళ్ళి అరుస్తారని, నిద్రపోతారని, పొద్దున ఒక పార్టీ సాయంత్రం ఒక పార్టీ అని. నాకు ఆ తిట్లు రుచించేవి కావు. సభ అన్నదాన్ని నోటికొచ్చినట్టు మాట్లాడటం మా ఇంట్లో నేర్పలేదు. పైగా ఆ తిట్లలో నేను చూసిన అసలు సంగతి ఒక్కసారీ వినపడలేదు. అది చెప్పాలంటే ముందు మా చావడి గురించి చెప్పాలి.

చల్లపల్లి వైపు మాకొక చిన్న జమీ ఉండేది. పెద్ద జమీల పక్కన ఎన్నదగినది కాదు, అయినా జమీయే. నాకు ఊహ తెలిసేసరికి చట్టం వచ్చి అది పోయింది. తర్వాత సొంత పొలాలు కూడా చాలావరకు పోయాయి. పోయిన వాటి గురించి మా నాన్నగారు ఎవరి దగ్గరా మాట్లాడలేదు, నేనూ మాట్లాడను. మిగిలింది ఇంటి ముందరి చావడి, అందులో మా తాతగారు పెట్టిన పద్ధతి.

పద్ధతి ఇది. నీటి వంతుల తగాదా గాని, గట్ల తగాదా గాని చావడికి వస్తే, ఒకరు మాట్లాడుతున్నంతసేపు ఇంకొకరు లేవకూడదు. మాట పూర్తయ్యాక మా ఇంటి పెద్ద అడుగుతాడు: "కాదనేవాళ్ళున్నారా?" మూడుసార్లు అడుగుతాడు. ఎవరైనా లేచి కాదంటే మళ్ళీ మొదలు. ఎవరూ లేవకపోతే ఆ మాట ఖాయం. కాగితం లేదు, సంతకం లేదు. జమీ పోయాక కూడా చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు వస్తూనే ఉండేవారు. శిస్తు కట్టవలసిన పని లేదు, దణ్ణం పెట్టవలసిన పని లేదు. అయినా వచ్చేవారు. నాన్నగారికి అదే ఆస్తి.

మాకు తూర్పున పల్లంలో ఒక ఊరుంది. చాలావరకు క్రైస్తవ కుటుంబాలు, చిన్న రైతులు. ఆ ఊరి పొలాలకు అడ్డంగా రైలు కట్ట వేశారు. కట్ట కింద నీరు పోవడానికి ఒక ఇరుకు తూము. వానలు ముదిరితే నీరు కట్టకు ఆనుకుని నిలిచిపోయేది. అందుకని వాళ్ళు పాత పొడుగు వరే వేసేవారు. నీటితోపాటు అది పైకి లేస్తుంది, మునిగి చావదు. కాని గడ్డి ఎక్కువ, గింజ తక్కువ. కంకిపాడు వైపు రైతులు కొత్త పొట్టి వరి వేసి గాదెలు నింపుకుంటుంటే వీళ్ళు చూస్తూ కూర్చున్నారు. తూము వెడల్పు చేస్తే తప్ప పొట్టి వరి వాళ్ళ పొలాల్లో బతకదు.

రైల్వే అంటే ఢిల్లీ. ఆ ఊరి చర్చి సంఘపెద్ద మా చావడికి వచ్చి, మన ఎంపీ చేత పార్లమెంటులో అడిగించాలన్నాడు. నల్లగా, సన్నగా, నవ్వకుండా నవ్వించే మనిషి. నాన్నగారు ఒప్పుకున్నారు. ఎంపీ కూడా కాదనలేదు. రైల్వే బడ్జెట్ మీద మాట్లాడేటప్పుడు తప్పకుండా చెబుతానని, వచ్చి కళ్ళారా చూడమని పాసులు ఇప్పించాడు. నేను సెలవు పెట్టాను. నాన్నగారు, సంఘపెద్ద, నేను ముగ్గురం ఢిల్లీ బయల్దేరాం.

లోపలికి వెళ్ళేముందు నాన్నగారి చేతికర్ర కింద ఇచ్చేసి రమ్మన్నారు. గ్యాలరీలో మాట్లాడకూడదని, కాలు మీద కాలు వేసుకోకూడదని, ముందుకు వాలకూడదని చెప్పారు. నాకు అవేమీ కష్టం కాలేదు. మా ఇంట్లో కూర్చునే తీరే అది. కింద చూస్తే ఆ నియమాలన్నీ పైన కూర్చున్న మాకే అని అర్థమైంది.

అంత పెద్ద హాలు, ఎక్కడో ఒకరు, ఎక్కడో ఇద్దరు.

సంఘపెద్ద నా చెవి దగ్గరికి వంగాడు. "చినబాబుగారూ, ఇన్ని కుర్చీలేసుకుని మనుషుల్ని పిలవటం మర్చిపోయారేంటండీ?"

"భోజనాల వేళ కదా. వస్తారు."

"నాట్ల రోజుల్లో కూడా మా చర్చి ఇంతకన్నా నిండుద్దండీ."

కాపలా మనిషి పెదాల మీద వేలు పెట్టి మావైపు చూశాడు.

మా ఎంపీ లేచాడు. ఇంగ్లీషులో మాట్లాడాడు. ఒక స్టేషన్లో బండి ఆగాలన్నాడు, ఒక గేటు దగ్గర మనిషిని పెట్టాలన్నాడు. మూడో మాటగా మా తూము సంగతి చెప్పాడు. బాగానే చెప్పాడు, పంట మునుగుతోందన్నాడు. అతని ముందు వరుసలో ఇద్దరు ఏదో చెప్పుకుని నవ్వుకుంటున్నారు. ఒకాయన కాగితాల మీద సంతకాలు పెట్టుకుంటున్నాడు. మాట మధ్యలో ఒకాయన లేచి, ఎంపీ ముందు నుంచే నడుచుకుంటూ బయటికి వెళ్ళాడు. టైము అయిపోయిందని గంట మోగింది. ఎంపీ చివరి ముక్క కూర్చుంటూనే చెప్పాడు. అప్పటికే ఇంకో పేరు పిలిచారు.

నాన్నగారి చూపంతా అటే ఉంది. ఎవరైనా లేచి కాదంటారేమోనని ఒక్కొక్క ముఖమే చూస్తున్నారు. ఎవరూ లేవలేదు.

బయటికి వచ్చాక ఎంపీ మాకు టీ ఇప్పించాడు. "చూశారుగా అండీ, చెప్పేశాను. రికార్డుకెక్కింది."

"కాదన్నవాళ్ళు లేరు," అన్నారు నాన్నగారు.

"అబ్బే, ఎవరంటారండీ!"

వాళ్ళిద్దరి మధ్య ఆ మాట ఒకటే, అర్థాలు రెండని అక్కడ ఎవరికీ తట్టలేదు. ఆ చావడిలో పెరిగినవాణ్ణి గనక నాకూ తట్టలేదు. వచ్చేటప్పుడు రైల్లో సంఘపెద్ద కిటికీ పక్కన కూర్చుని, దారిలో కనిపించిన ప్రతి తూమునీ వెడల్పుగా ఉందో ఇరుగ్గా ఉందో చూస్తూ వచ్చాడు.

ఊరు చేరాక చావడి నిండా జనం. నాన్నగారు లేచి నిలబడి చెప్పారు. "మన మాట సభలో పడింది. నేను చూశాను. కాదన్నవాడు ఒక్కడూ లేడు."

"అయితే ఈ ఏడు పొట్టి వరి వేసుకోవచ్చాండీ?" వెనక నుంచి ఎవరో అడిగారు.

"వేసుకోండి."

వేశారు. నారు పోసేలోపు రైల్వే మనుషులు వస్తారనుకున్నారు, నాట్లలోపు వస్తారనుకున్నారు. ఎవరూ రాలేదు. భాద్రపదం చివర ముసురు పట్టింది. నీరు కట్టకు ఆనుకుంది, పెరిగింది, పైరు కనపడకుండా పోయింది. ఆ వారం నేను ఊరికి వెళ్ళాను. నాన్నగారు కట్ట మీద కర్ర ఆనించుకుని నిలబడి ఉన్నారు. బందరు బండి వేళకు వచ్చింది. మేం పక్కకు దిగితే వెళ్ళిపోయింది. నీరు తీశాక పొలాల్లో ఎర్రటి బురద, కుళ్ళిన దుబ్బుల వాసన. ఒక్కరు కూడా నాన్నగారిని పల్లెత్తు మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. ఆ తర్వాత చావడికి జనం రావడం మానేశారు. తగాదాలు బస్టాండు దగ్గర టీ కొట్టుకు వెళ్ళాయి. నాన్నగారు మాత్రం రోజూ తెల్లవారగానే పంచె మార్చుకుని చావడిలో కూర్చునేవారు. నేను సెలవులకు వెళితే పక్కన కూర్చునేవాణ్ణి. ఇద్దరం వీధి వైపు చూసేవాళ్ళం కాదు.

తర్వాత ఎన్నికలు వచ్చాయి. ఎంపీ జీపులతో మా ఊరూ వచ్చాడు. నాన్నగారు తలుపు వేయమన్నారు. అప్పుడు సంఘపెద్ద వచ్చాడు, చాలా కాలం తర్వాత. వెనక వాళ్ళ ఊరి జనం.

"తలుపెందుకండీ బాబుగారూ? చావడిలో మాట్టాడించండి. వింటాం."

"ఆయన మాట ఏం వింటావయ్యా?"

"ఆయన మాట కాదండీ. మన చావడి పద్దతి ఆయన చూడలేదుగా."

ఎంపీ మాట్లాడటం మొదలుపెట్టాడు. దేశం గురించి, పేదల గురించి. అతని వెంట వచ్చిన కుర్రవాళ్ళు లోపలికీ బయటికీ తిరుగుతుంటే సంఘపెద్ద చేత్తో నేల చూపించాడు. "కూకోండి బాబూ. ఇక్కడ మాటయ్యేదాకా లేవరు." కూర్చున్నారు. ఎవరూ దగ్గలేదు. అంత నిశ్శబ్దంలో మాట్లాడటం ఎంపీకి అలవాటు లేనట్టుంది. రెండుసార్లు మాట తడబడి, అనుకున్నదానికన్నా ముందే ముగించాడు.

నాన్నగారు ఏమీ అడగలేదు.

"అడగండి బాబుగారూ," అన్నాడు సంఘపెద్ద.

"నేను అడిగే రోజులు పోయాయి."

"పోతే మేమెందుకొచ్చామండీ?"

నాన్నగారు వెన్ను నిటారుగా పెట్టి, ఎప్పటి గొంతుతోనే అడిగారు. "కాదనేవాళ్ళున్నారా?"

"ఉన్నానండీ." సంఘపెద్ద లేచాడు. ఎంపీ వైపు తిరిగాడు. "అయ్యా, తమరు మా మాట చెప్పారు. నేను పైన కూచుని చూశాను. చెప్పలేదని అనను. కాని అక్కడ ఒక్క మనిషి లేచి, కుదరదు పోండి అనుంటే, మా పాత వరి మేం వేసుకునేవాళ్ళం. గింజలు తక్కువైనా తినేవాళ్ళం. కాదని చెప్పించుకునేపాటి కూడా చెయ్యదా అండీ మా ఊరు? అందుకని ఈసారి మా ఊరు ఓటు తమరికి రాదు. తమరు ఆశపెట్టుకుని తిరక్కుండా ముందే చెబుతున్నాను."

ఎంపీ కండువాతో ముఖం తుడుచుకున్నాడు. అతని మీద నాకు ఆ క్షణంలో కోపం లేదు. "అక్కడ అందరం అంతేనండీ," అన్నాడు మెల్లగా. "నా మాట వాళ్ళు వినరు. వాళ్ళ మాట నేనూ వినను. ఎవరి నియోజకవర్గానికి వాళ్ళం చెప్పుకుని వచ్చేస్తాం." కండువా భుజం మీద వేసుకుని, "కాదని మొహం మీద ఇంత మర్యాదగా నాకెవరూ చెప్పలేదు," అన్నాడు.

నాన్నగారు మిగతా రెండుసార్లు అడగలేదు. అవసరం లేదు. లేచి, ఇంటికి వచ్చిన మనిషిని సాగనంపే మా ఆచారం ప్రకారం ఎంపీని జీపు దాకా తీసుకెళ్ళి నమస్కారం పెట్టి వచ్చారు. ఆ ఎన్నికల్లో అతను గెలిచాడో ఓడాడో ఇక్కడ చెప్పను. దానివల్ల తూము వెడల్పు కాలేదు.

ఇప్పటికీ హోటళ్ళలో పార్లమెంటును తిట్టడం వింటూ ఉంటాను. అరిచారని తిడతారు. అరిస్తే నాకు పట్టింపు లేదు. కాదని అరిచినా ఒక జవాబే. మా పల్లపు ఊరికి అది కూడా రాలేదు.

ఎంపీ వెళ్ళిన మర్నాడు పొద్దున నేను బెజవాడ బస్సుకు బయల్దేరుతుంటే వీధిలో కేకలు వినపడ్డాయి. ఎగువ రైతు ఒకడు, పల్లపు ఊరి రైతు ఒకడు నీటి వంతు మీద తిట్టుకుంటూ టీ కొట్టు దాటి మా ఇంటివైపే వస్తున్నారు. నాన్నగారు పంచె మార్చుకుని అప్పటికే కూర్చుని ఉన్నారు. సంచి కింద పెట్టి నేనూ పక్కన కూర్చున్నాను. మాట అయ్యేదాకా లేవకూడదు. ఆ బస్సు వెళ్ళిపోయింది.