అరుగు మీది వెనుక సీటు

మా నాయనకు అంబాసిడర్ కారు, మా ఆయనకు పద్మిని కారు. మామా అల్లుళ్లకు మాట్లాడుకోవడానికి వేరే విషయం లేదు. తల్లాడలో మా ఇంటి అరుగు మీద కూర్చుంటే చాలు, మొదలు.

"బండంటే గిట్లుండాలె. పది మంది ఎక్కినా కుంగదు," అనేవాడు నాయన.

"కుంగదు మామా, కదలదు కూడా. నా బండి చూడు, చండ్రుగొండల కూసుంటే తల్లాడల దిగుడే."

వాళ్లు కూర్చుని వాదించుకునేది ఆ అంబాసిడర్ వెనుక సీటు మీదే. మిరపకాయల కాలం రాగానే నాయన దాన్ని పీకి అరుగు మీద వేసి, ఆ చోట్లో బస్తాలు కుక్కి ఖమ్మం మార్కెట్‌కు తోలేవాడు. ఎండాకాలమంతా చుట్టాలకు అదే మర్యాద. ఆ కారు పక్కగా నడిచినా తుమ్ము వచ్చేది.

తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చి ఉన్నాను. ఓ ఆదివారం మా ఆయన నన్ను చూడటానికి వచ్చాడు. చూడటం అయిపోగానే అరుగెక్కి నాయనతో కార్బురేటర్ గురించి మాట్లాడుతున్నాడు. అప్పుడే నాకు నొప్పులు మొదలయ్యాయి. మంత్రసాని కడుపు తడిమి చూసి చేతులెత్తేసింది.

"బిడ్డ అడ్డం తిరిగింది. నాతోని కాదు. ఖమ్మం పెద్ద దవాఖానాకు తీస్కపోన్రి, జల్దీ."

పద్మిని వాకిట్లోనే ఉంది, మూతి రోడ్డు వైపు. ఎక్కడమే తరువాయి. నాయన అడ్డం నిలబడ్డాడు.

"తొలి పురుడు పుట్టింటోళ్లది. అల్లుడి బండిల పంపితే ఊళ్లె నా మొఖం ఏడ పెట్టుకోవాలె?"

ఇద్దరూ కలిసి సీటు మోసుకుపోయి అంబాసిడర్‌లో బిగించబోయారు. ఒక నట్టు కనబడలేదు. ఇద్దరూ వంగి అరుగు కింద వెతుకుతున్నారు. గుమ్మం పట్టుకుని నిలబడ్డ నాకు ఒళ్లు మండిపోయింది. అమ్మ చెయ్యి పట్టుకుని పోయి, పద్మినిలో కూర్చుని హారన్ కొట్టాను. మా ఆయన ఉరికొచ్చి బండి తీశాడు.

పద్మిని నిజంగానే పరుగెత్తింది. మా ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. నిండు ఎండలో రేడియేటర్ మరిగితే ఏమవుతుందో మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. వైరా దాటాక, నీడ లేని చోట ఆగిపోయాం. నాకు భయం వేసింది. బిడ్డ దక్కదనుకున్నాను. నేనూ దక్కననుకున్నాను.

వెనుక నుంచి అంబాసిడర్ వచ్చింది, దాని తీరికన అది. సీటును వాకిట్లోనే పడేసి వచ్చాడు నాయన. లోపల ఖాళీ గోనెసంచుల మీద బొంత పరిచి ఉంది. అమ్మ పక్కన కూర్చుంటే కాళ్లు చాపుకుని పడుకున్నాను. ఏ సీటు మీదా అంత చోటు ఉండదు. ఖమ్మం దాకా తుమ్ముతూనే ఉన్నాను. ముందు కూర్చున్న మామా అల్లుళ్లిద్దరూ తుమ్మారు. బండ్ల గురించి ఎవరూ మాట్లాడలేదు.

దవాఖానాలో ఆపరేషన్ చేసి ఆడపిల్లను తీశారు. ఇద్దరం బతికాం.

మమ్మల్ని ఇంటికి తీసుకుపోవడానికి నాయన వచ్చిన రోజు కారు లోపలా బయటా కడిగి ఉంది. వేపాకు పరిచి ఉంది. సీటు కొత్త నట్లతో బిగించి ఉంది. చేత్తో కదిపి చూశాను.

"ఇగ అది దిగదు బిడ్డా," అన్నాడు నాయన.

ఆ మీదట మా మిరపకాయలు కిరాయి లారీలో పోయాయి. అరుగు మీద చాప పడింది. మా ఆయన ఆ చాప మీద కూర్చుని మళ్లీ తన బండి పికప్ సంగతి ఎత్తాడు. నాయన మనవరాలిని ఒళ్లో సర్దుకున్నాడు.