నీళ్ల వైపు లేని జాడ

నా చిన్నప్పుడు మా ఇంట్లో తెల్లవారేది మా తాతయ్య ప్రశ్నతోనే. విడవలూరుకు తూర్పున, సముద్రం ఒడ్డున ఉన్న చిన్న పల్లె మాది. నాయన తెప్ప మీద వేటకు పోయేవాడు. మోకాళ్లు పట్టేసి వేట మానుకున్న తాతయ్యకు పొద్దుపోక నేను దొరికాను. నిద్ర కళ్లతో బయటికి రాగానే, "ఏమే, ఈ పొద్దు గాలెట్టా ఉండాది? మీ నాయన పోవచ్చునా?" అని అడిగేవాడు. గుమ్మం పక్కన వెదురు గెడకు పాత చీర పీలిక ఒకటి కట్టి ఉండేది. అది ఎటు ఎగురుతోందో, అల చప్పుడు ఎలా ఉందో, తూర్పున నీళ్ల అంచున మబ్బు ఏ రంగులో ఉందో చూసి చెప్పాలి. సరిగ్గా చెబితే బెల్లం ముక్క. బడిలో పలక మీద దిద్దడం కంటే నాకు ఈ ఆటే ఇష్టంగా ఉండేది. అదీ బెల్లం కోసమే.

కార్తీక మాసంలో ఒకనాడు లేచి చూస్తే పీలిక కదలకుండా వేలాడుతోంది. "గాలి లేదు తాతా, పోవచ్చు" అని చేయి చాచాను. మా గుమ్మం పడమటికి ఉంది. ఇల్లు అడ్డం ఉంటే తూర్పు గాలి పీలికకు తగలదు. ఇంటి వెనక్కి వెళ్లి సముద్రాన్ని చూస్తేగానీ సంగతి తెలియదు. నేను వెళ్లలేదు. తాతయ్య నా మొహం వంక కాసేపు చూశాడు. తప్పని ఒక్క మాట అనలేదు. బెల్లం ముక్క చేతిలో పెట్టి, "సరే, నువ్వు చెప్పినావు గదా, పంపిస్తాలే" అన్నాడు. ఆ బెల్లం ఎప్పటిలాగే తియ్యగా ఉంది.

పొద్దు బారెడెక్కేసరికి తూర్పు గాలి ముదిరింది. ఒడ్డుకు పరుగెత్తాను. తెప్ప అంటే తాళ్లతో బిగించి కట్టిన దుంగలే. వేట నుంచి వచ్చాక తాళ్లు విప్పి, ఎవరి దుంగలు వాళ్ల చోట ఇసుక మీద ఆరబెట్టుకుంటారు. ఆ పొద్దు మబ్బు చూసి ఎవరూ వేటకు పోలేదు కాబట్టి అందరి దుంగలూ అక్కడే ఉన్నాయి. మా చోటు ఒక్కటే ఖాళీగా ఉంది.

"తాతా, నాయన యాడ?" అని ఇంటి వెనక కూర్చున్న తాతయ్యను చూసి అరిచాను.

"పొయ్యినాడు గదా. నీ మాట మీదనే పొయ్యినాడు" అన్నాడు, చుట్ట ముట్టించుకుంటూ.

ఆ పగలంతా నేను ఒడ్డునే కూర్చున్నాను. వాన మొదలైంది. అలలు తాటి చెట్లంత ఎత్తున లేస్తున్నాయి. నాయనను నేనే చంపానని అనుకున్నాను. ఏడేళ్ల పిల్ల అలా అనుకోవడమంటే ఏమిటో, ఎన్నడూ అనుకోని వాళ్లకు నేను చెప్పలేను. నాయన తిరిగొస్తే జన్మలో బెల్లం నోట పెట్టనని గంగమ్మకు మొక్కుకున్నాను. మధ్యాహ్నం అమ్మ గంజి గిన్నె తెచ్చి నా ముందు పెట్టింది. నా మొహం చూడకుండా తల తిప్పుకుని వెళ్లిపోయింది. మొగుణ్ణి చంపిన కూతురి మొహం ఏం చూస్తుందిలే అనుకున్నాను.

పొద్దు వాలే వేళకు నాయన వచ్చాడు. సముద్రం మీది నుంచి కాదు, సరుగుడు తోపు వైపు నుంచి, నెత్తిన పుల్లల మోపుతో. "ఏమ్మే, భయపడినావా?" అని నవ్వాడు. పొద్దున్నే దుంగలు తోపులో దాచి, పుల్లలు కొట్టుకుంటూ అక్కడే ఉండమని తాతయ్య చెప్పాడట. అమ్మకూ తెలుసు. ఆయన మాటకు ఎదురు చెప్పే అలవాటు మా ఇంట్లో ఎవరికీ లేదు.

నేను నాయన దగ్గరికి పోలేదు. తాతయ్య దగ్గరికి పోయి ఆయన చెయ్యి పట్టుకుని నెత్తురొచ్చేదాకా కొరికాను. ఆయన చెయ్యి లాక్కోలేదు. నేను వదిలాక, ఆ చేత్తోనే నన్ను మా దుంగల చోటికి ఈడ్చుకుపోయాడు.

"పొద్దుగూకులూ ఏడ్చినావే, చూసినావా? తెప్ప సముద్రంలోకి పోతే ఈడ్చిన జాడ ఎటు ఉండాల? ఇది ఎటు పొయ్యిండాది?"

వాన సగం చెరిపిన గాడి ఒకటి సరుగుడు తోపు వైపు పోయింది. నీళ్ల వైపు ఏ జాడా లేదు.

"పొద్దున పీలిక ఒక్కటే చూసినావు. మళ్లా వచ్చి ఖాళీ ఒక్కటే చూసినావు" అన్నాడు. పీలికను ఇంటి చాటున ఆయన కావాలనే కట్టాడని నాకు అప్పుడు వెలిగింది.

ఎవరో పీలిక చూసి చెప్పిన మాట నమ్మి తాతయ్య తమ్ముడు సముద్రం మీదికి పోయి తిరిగి రాలేదని పెద్దయ్యాక విన్నాను. నిజమే కావచ్చు. అయితే మాత్రం, ఆ బరువు దించుకోవడానికి ఏడేళ్ల పిల్లే దొరికిందా? చాలా ఏళ్లపాటు నాయన వేట నుంచి వచ్చేదాకా నా గొంతులో ముద్ద దిగేది కాదు. తల తిప్పుకుని పోయిన అమ్మనైతే, నేను తల్లినయ్యాక కూడా క్షమించలేకపోయాను. కానీ ఒక్కటి చూసి దేన్నీ నమ్మకపోవడం తాతయ్య పెట్టిన భిక్షే. నా పిల్లకు జ్వరమొస్తే ఒళ్లు ఒక్కటే కాదు, కళ్లూ నాలుకా కూడా చూసేదాన్ని. ఆయన్ని తిట్టుకుంటూనే చూసేదాన్ని.

ఇప్పుడు మా డాబా మీద నేనూ ఒక పీలిక కట్టాను, మెట్ల గది చాటున. సెలవులకు వచ్చిన మనవడు పొద్దున్నే దాన్ని చూసి, "గాలి లేదు అవ్వా" అని చేయి చాస్తాడు. ఒక్క క్షణం నా నోరు కూడా తాతయ్య నోటిలాగే మూసుకుపోతుంది. ఊరుకుంటే పాఠం ఎంత లోతుకు దిగుతుందో నాకు తెలుసు. నోరు బలవంతాన తెరిచి, "తప్పు చెప్పినావు నాయనా, తూర్పుకు పోయి చూసిరా" అంటాను. వాడు పరుగెత్తి చూసొచ్చి సరిగ్గా చెబుతాడు. వాడి చేతిలో బెల్లం ముక్క పెట్టి, నా వేళ్లకంటింది నాకకుండా కొంగుకు తుడుచుకుంటాను.