బుగ్గ మీద మసి

ఎడమ ముంజేతికి పాత చీర పేలిక చుట్టుకొని, విల్లుతో గడ్డి మూట ఎదుట నిలబడడం ఆ ఎండాకాలం నాకు రోజూ సాయంత్రం పనైపోయింది. పొద్దున బీడీల తునికాకు కోత, మధ్యాహ్నం కట్టలు కట్టడం, ఎండ తగ్గాక ఈ అవస్థ. మూట ఇరవై అడుగుల దూరంలో వేలాడేది. నా బాణం మూటకు తప్ప అన్నిటికీ తగిలేది. దడికి తగిలింది, పేడకుప్పలో దిగింది, ఒకనాడు ఆరేసిన మా అత్త చీరకు చిల్లి పెట్టింది.

ఇదంతా నేను నెత్తికెత్తుకున్నదే. మా ఊళ్లో విత్తనాల పండుగనాడు ఇంటికొకరు ఒక్క బాణం వెయ్యాలి. కొమ్మకు కట్టిన ఎండు సొరకాయ బుర్ర కదిలితే చాలు, ఆ ఇంటి బాణం పడ్డట్టే. మామ ఇప్పచెట్టు మీంచి జారిపడ్డప్పటి నుంచి ఆయన కుడి భుజం లేవదు. నా పెనిమిటి కొత్తగూడెంలో బొగ్గుపనికి పోతాడు, పండుగకు సెలవు దొరకదు. అట్లా రెండేళ్లు మా ఇంటి బాణం పడలేదు. మూడో ఏడు కూడా పడకపోతే తాతల నాటి విల్లు మామ తమ్ముడింటికి పోవాలి. అది ఊరి కట్టు. ఆ మాట వచ్చిన రోజు మామ అన్నం ముందు కూర్చొని ముద్ద ఎత్తలేదు. చూడలేక, "నేనేస్తా మామా" అన్నాను. ఆడమనిషి విల్లు పట్టకూడదని మా ఊళ్లో ఎవరూ అనలేదు. పట్టినవాళ్లు మాత్రం లేరు.

మామ కోడలిని ముట్టుకొని నేర్పడు కదా. ఒక వెదురు పుల్ల పట్టుకొని నాలుగడుగుల దూరంలో కూర్చునేవాడు. మోచేయి జారితే కింద నుంచి పుల్లతో తట్టేవాడు. మడమ లేస్తే అక్కడా ఒకటి.

"చెయ్యితోటి గుంజుతున్నవ్. చేదబాయిల నీళ్లు తోడుతున్నవా? వీపుతోటి గుంజాలె."

"వీపుతో ఎట్ల గుంజుతరు మామా?"

"వీపు మీద రెండు రెక్కల నడుమ ఈగ వాలిందనుకో. చెయ్యి పెట్టకుండ దాన్ని నలుపు."

లేని ఈగను వారం రోజులు నలిపాను. వీపు పట్టేసింది. వదిలిన ప్రతిసారీ నారి ముంజేతిని కొట్టి పోయేది. చెయ్యి కమిలి నేరేడు పండు రంగుకు తిరిగింది. విరగలేదు గదా అని రాత్రి పడుకునే ముందు రాముడికి దండం పెట్టుకునేదాన్ని. తెల్లారి మళ్లీ అదే పుల్ల, అదే మూట.

చివరికి మోచేయి నిలబడింది, మడమలు నిలబడ్డాయి, బాణం మాత్రం నిలబడలేదు. ఒకటి పైకి, ఒకటి కిందికి. తప్పెక్కడుందో ఆయనకూ అంతుపట్టలేదు. ఆయన విసుక్కుంటే నాకు విసుగు, నేను విసుక్కుంటే ఆయన పుల్ల పక్కన పడేసి లేచిపోయేవాడు. దానికన్నా పుల్లదెబ్బే నయం.

పండుగ పది రోజులుందనగా మామ పొయ్యిలోంచి బొగ్గు తెప్పించాడు. నారి గుంజే వేలికి మసి పూసుకోమన్నాడు. ఆ వేలు ప్రతిసారీ పెదవి మూల ఒకే చోట ఆనాలి. మూడు బాణాలు వేసి ఆయన వైపు తిరిగాను. గడపలో కూర్చున్న మా ఆడబిడ్డ నవ్వాపుకోలేక గోడ పట్టుకుంది.

"వదినె, అద్దం తెస్త ఆగు. గడ్డం మీదొకటి, బుగ్గ మీదొకటి, ముక్కు కాడొకటి. దిష్టిబొమ్మ లెక్కున్నవ్."

మామ నవ్వలేదు. ఇంకొకటి వెయ్యమని ఈసారి మూట వైపు చూడకుండా నా ముఖం వైపే చూశాడు.

"ఏం చదువుతున్నవ్ బిడ్డా?"

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక వేలితో పెదవి తడుముకున్నాను. నేను బడికి పోలేదు. పెనుబల్లి దగ్గర మా పుట్టింట్లో నాన్నే నాకు అక్షరాలు దిద్దించాడు. మొదట దిద్దించింది రామనామం. దిద్దేటప్పుడు పైకి అనమనేవాడు. అప్పటి నుంచి బియ్యం ఎసట్లో పోసినా, దూడను విప్పినా, పెదవులు వాటంతటవే అనేస్తాయి. నారి వదిలేటప్పుడూ అంటున్నానన్నమాట. పెదవి కదిలితే దవడ కదులుతుంది, దవడతో వేలు కదులుతుంది.

"దేవుని పేరు తియ్యొద్దంటవా మామా?" నా గొంతు కొంచెం గట్టిగానే వచ్చింది.

"తియ్యొద్దన్ననా? విల్లు ఎత్తకముందు ఎంతసేపన్న తీసుకో. ఎత్తినంక గమ్మునుండు. ఆయనకు చెవుడా, నువ్వు మళ్ల మళ్ల చెప్పనీకి?"

గమ్మునుండడం ఈగను నలపడం కన్నా కష్టమని అప్పుడు తెలిసింది. వద్దనుకున్నకొద్దీ పెదవి కదిలేది. మామ తునికాకు ముక్క చించి పెదవుల మధ్య పెట్టుకోమన్నాడు. అది రాలితే నోరు కదిలినట్టు. మొదటి రోజు ప్రతి బాణానికీ రాలింది.

"మేక లెక్కున్నవ్ వదినె" అంది ఆడబిడ్డ. ఆకు నోట్లో ఉంది కాబట్టి జవాబు చెప్పలేకపోయాను. చెప్పాలనుకున్న మాట మంచిది కాదు, చెప్పలేకపోవడమే మేలయింది.

పండుగనాడు మా ఇంటి వంతు వచ్చేసరికి ఊరంతా అక్కడే ఉంది. అలవాటుగా వేలికి మసి పూసుకున్నాను. విల్లు కిందికి పట్టుకొని కళ్లు మూసుకొని చెప్పుకోవలసినదంతా చెప్పుకున్నాను. ఎక్కువసేపే అయింది.

"ఏందమ్మా, బుర్ర దానంతటదే రాలిపడేదాక ఆగుతవా?" అన్నాడు మామ తమ్ముడు, మా చిన్నమామ. నలుగురూ నవ్వారు.

విల్లెత్తాను. నోట్లో మాట లేకపోతే ఇల్లంతా ఖాళీ చేసినట్టుంది. ఆ ఖాళీలోనే వదిలాను. బాణం బుర్ర అంచును గీరి పోయింది. బుర్ర ఊగింది, పెద్దగా కాదు, గాలికి ఊగినంత. చిన్నమామే ముందుగా "పడ్డది" అన్నాడు. ఆయన అనకపోయినా ఎందుకనలేదని అడిగేవాళ్లు లేరు, విల్లు ఆయనింటికే పోయేది. అందుకు ఆయనకు ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

మామ విల్లు అందుకొని, నారి దించి, ఎడమ చేత్తోనే మా ఇంటి కొయ్యకు తగిలించాడు. మెచ్చుకుంటాడేమోనని నిలబడ్డాను.

"మోచెయ్యి జారింది" అన్నాడు.

బయట తొట్టి దగ్గర ముఖం కడుక్కోబోతూ నీళ్లలో చూసుకున్నాను. మసి మరక సరిగ్గా పెదవి మూలే ఉంది, చెదరకుండా. రామా అనుకొని కడిగేసుకున్నాను, ఈసారి పైకే.