చివరి మేకు మీద తాళంచెవి

నిప్పు పుట్టిన రోజుకు గానీ, చక్రం దొర్లిన రోజుకు గానీ కళ్ళారా చూసిన సాక్షులు లేరు. తాళాల బాబాయి తన టీవీ పక్క గోడకు చెక్క బిగించి, దానికి వరసగా మేకులు కొట్టిన రోజుకు మాత్రం వీధి వీధంతా సాక్షి. నాగరికతలో ఇది ఎన్నో మెట్టో పెద్దలు తేల్చవలసి ఉంది.

తాళాలు బాగుచేసి, మారుచెవులు కోసిచ్చే వృత్తి కనుక ఆయన తాళాల బాబాయి. ఆయన్ను కట్టుకున్న పాపానికి ఆవిడ తాళాల పిన్ని. ముందుగది దుకాణం, వెనకగది కాపురం. ఆ పక్క వాటాలో పిన్ని చెల్లెలు ఉండేది. రెండు వాటాలకూ మధ్య ఒక తలుపు, దానికి బాబాయి చేతి తాళం.

సాయంత్రం పూట ఒక నేరపరిశోధన సీరియల్ వచ్చేది. అది మొదలైన ఏడు పుట్టిన పిల్లలు, ఇప్పుడు తమ పిల్లల్ని చంకనేసుకుని చూస్తున్నారు. రోజుకో హత్య. పాట వస్తుండగా అనుమానితుల మొహాలు వరసగా చూపేవారు. మొదటి ప్రకటనలు వచ్చేలోపు హంతకుడెవరో చెప్పెయ్యాలని ఆ ఇంటి శాసనం. నోటితో చెప్పి, ఆనక "నేననలేదు" అని నాలిక మడతేసేవాళ్ళు ఎక్కువవడంతో బాబాయి మేకులు కొట్టాడు. ఒక్కో అనుమానితుడికి ఒక్కో మేకు. ఎవరి తాళంచెవి వాళ్ళు తగిలించాలి, తగిలించాక ముట్టుకోకూడదు. పిన్నిది ఎర్రదారం కట్టిన పెట్టెచెవి. చివరి మేకు వీధి తలుపు తాళంచెవిది. అది ఇన్‌స్పెక్టరుగారిదని పిన్ని వేళాకోళం చేసేది. అనుమానం రాని ఏకైక మనిషికి ఒక మేకు ఉండొద్దా అని ఆవిడ వాదన.

ఆ సీరియల్ పొద్దున్నే ఫోనులో వచ్చేస్తుందని ఎవరో కనిపెట్టారు. ముందుగా చూడటం వెన్నుపోటుతో సమానమని వీధి తీర్మానించింది. ఆ మాట అక్కడితో సరి.

పోయిన ఏడు పిన్ని పోయింది.

కొన్నాళ్ళు టీవీకి గుడ్డ కప్పి ఉంచాడు బాబాయి. ఒక సాయంత్రం మనసు ఊరుకోక పెట్టాడు. పాట మొదలైంది, మొహాలు వచ్చాయి. అలవాటు ప్రకారం లేచి వెళ్ళి దుకాణం షట్టరు దించి వచ్చాడు. వచ్చేసరికి, చెక్క పక్కన వేలాడుతూ ఉండాల్సిన ఎర్రదారం తాళంచెవి రెండో మేకు మీద ఉంది. దారం ఇంకా మెల్లగా ఊగుతోంది.

గదిలో ఎవరూ లేరు. మధ్య తలుపు వేసే ఉంది. మొదటి ప్రకటనలప్పుడు మరదలు యథాప్రకారం టీ గ్లాసుతో వచ్చి, "మొదలైపోయిందా బావగారూ?" అని అడిగింది. ఆయన గ్లాసు అందుకున్నాడు గానీ తాగడం మరిచిపోయాడు. ఆ రాత్రి హంతకుడు రెండో మొహమే.

మర్నాడు అంతే. ఆ మర్నాడూ అంతే. బతికున్న రోజుల్లో సగానికి సగం తప్పులో కాలేసిన మనిషి, పోయాక ఒక్కటీ తప్పడం లేదు. అక్కడ తీరిక ఎక్కువేమో అనుకున్నాడు బాబాయి. మొదట్లో వీపు జలదరించేది. తర్వాత జలదరింపు కోసమే సాయంత్రం దాకా కాచుకునేవాడు. షట్టరు దించుతూ, వెనకగదిలో ఇనుము ఇనుముకు తగిలే చిన్న చప్పుడు కోసం చెవి రిక్కించేవాడు. అది వినిపించాకే వెనక్కి తిరిగేవాడు. ఎవరికీ చెప్పలేదు. చెబితే రావడం మానేస్తుందని భయం.

ఇలా ఉండగా సీరియల్ ఆపేస్తున్నామని టీవీవాళ్ళు ప్రకటించారు.

వీధి అట్టుడికింది. రిటైరైన డ్రాయింగు మేష్టారు సంతాపసభ పెడదామన్నారు. మంగలి సగం గెడ్డం గీసి, కత్తి పక్కన పెట్టి కళ్ళు తుడుచుకున్నాడు; మిగతా సగం గీయించుకోవడానికి ఆ ఖాతాదారు చాలాసేపు ఓదార్చవలసి వచ్చింది. కేబులు కుర్రాడికి ఏ పాపమూ తెలియకపోయినా ఏ ఇంట్లోనూ మంచినీళ్ళు పుట్టలేదు. ఏడేళ్ళుగా మాటల్లేని తోడికోడళ్ళు ఇద్దరు, టీవీవాళ్ళను తిట్టడానికి ఒకటయ్యారు.

అందరికీ పోయేది సీరియల్. బాబాయికి పోయేది మనిషి, రెండోసారి. ఆవిడ వచ్చేది సీరియల్ కోసం. అది లేకపోతే ఈ గదిలో ఆవిడకేం పని?

ఆఖరి సాయంత్రం వచ్చింది. పాట, మొహాలు, షట్టరు. చప్పుడు వినిపించింది గానీ ఎప్పుడూ వినిపించే వైపు నుంచి కాదు. వచ్చి చూస్తే అనుమానితుల మేకులన్నీ బోసిగా ఉన్నాయి. ఎర్రదారం చివరి మేకు మీద, వీధి తలుపు తాళంచెవిని ఆనుకుని వేలాడుతోంది.

వెళ్ళొస్తానని చెప్పడమా? తలుపు తియ్యమని అడగడమా? లేక నువ్వూ రమ్మనా? బాబాయి కూర్చున్నాడే గానీ తెర మీద ఏం జరుగుతోందో తలకెక్కలేదు. చివర్లో వీధంతా ఒక్కసారి గొల్లుమంది. ఇన్నేళ్ళూ అందరినీ పట్టుకున్న ఇన్‌స్పెక్టరే ఆఖరి హంతకుడు.

మేష్టారు సభ రద్దుచేశారు. అలాంటివాడికి సంతాపమేమిటన్నారు.

మర్నాడు అదే వేళకు పాటల పోటీ పెట్టారు. బాబాయికి సంగీతం పడదు, పిన్నికి అసలే పడదు. అయినా టీవీ పెట్టాడు. పోటీకొచ్చిన ఆడపిల్లలను వరసగా చూపించారు. ఆయన లేచాడు. షట్టరు సగం దించి ఆగాడు. చప్పుడు లేదు. పూర్తిగా దించాడు. లేదు. తాళం వేసి, తీసి, మళ్ళీ వేశాడు. అప్పుడు, లోపల, ఇనుముకు ఇనుము తగిలింది.

పరుగులాంటి నడకతో వచ్చాడు. ఎర్రదారం మూడో మేకు మీద ఊగుతోంది. బాబాయి కుర్చీలో కూలబడి, కళ్ళ నీళ్ళ మధ్య నుంచి మూడో పిల్లనే చూస్తూ కూర్చున్నాడు. ఆ పిల్ల పల్లవి పాడింది. చరణంలో శ్రుతి తప్పింది. తాళమూ తప్పింది. అందరికంటే ముందు ఇంటికి పంపేశారు.

ఆయన మేకుల చెక్క వంక చూశాడు. తర్వాత మధ్య తలుపు వంక చూశాడు. దాని మడతబందులకు నూనె పోసి, చప్పుడు కాకుండా చేసింది తనే. దాని మారుచెవి కోసి అవతలివాటాకు ఇచ్చిందీ తనే.

మరదలు టీ గ్లాసుతో వచ్చింది. ఇవాళ మొదలైపోయిందా అని అడగలేదు. గ్లాసు బల్ల మీద పెట్టి, తలవంచుకుని నిలబడింది.

"మూడో పిల్లా?" అన్నాడు బాబాయి.

"ఆ రోజు అక్క తాళంచెవి ఒక్కటీ పక్కన వేలాడుతుంటే చూడలేకపోయాను బావగారూ. తర్వాత మీ మొహం చూశాక మానలేకపోయాను."

ఆయన టీ ఒక గుక్క తాగాడు. చాలాకాలానికి అది వేడిగా ఉంది.

"మరి ఇన్నాళ్ళూ ఒక్కటీ తప్పలేదే?"

"అదంటే ఫోనులో పొద్దున్నే చూసేసేదాన్ని," అంది మరదలు. "పాటల పోటీ ముందుగా రాదు."